జోడు మేడలో నడిమి గీత

వీరులపాడు దాటి ఏటి వైపు వెళ్ళే దారిలో ఒక దిబ్బ ఉంది. ఆ దిబ్బ మీదే జోడు మేడ. పొద్దున్నే తూర్పు వాకిట్లో నాగశ్రీ ముగ్గు వేస్తుంది. ఆమె చుక్క పెట్టగానే పడమటి వాకిట్లోనూ ఒక చుక్క పడుతుంది. గీత గీస్తే అక్కడా గీత పడుతుంది, అద్దంలో చూసినట్టు తిరగేసి. పడమటి వాకిలి రమీజాది. ఆమెకు ముగ్గుతో పనిలేదు. కానీ కోడలిగా వచ్చిన నాటి నుంచీ వాకిట్లో ముగ్గు లేని రోజు చూడలేదు కాబట్టి వంకలు పెట్టే హక్కు తనకుందని ఆమె నమ్మకం.

"ఏమ్మా నాగశ్రీ, ఇవాళ నీ తామర పువ్వుకి ఒక రేక వంకర పోయిందే!" అని నడుమ ఉమ్మడి హాల్లోంచి కేకేస్తుంది.

"నిద్రమత్తు పిన్నీ. రేపు సరిగ్గా వేస్తాలే."

రంజానుకి రమీజా తలుపులకు ఆకుపచ్చ రంగు వేయిస్తే నాగశ్రీ తలుపులూ ఆకుపచ్చగా మారతాయి. శుక్రవారం నాగశ్రీ గడపకు పసుపు రాస్తే రమీజా గడపా పసుపెక్కుతుంది. ఎవరూ ఏమీ అనుకోరు. గోడకు మేకు కొట్టాలంటే మాత్రం ఒక పద్ధతి ఉంది. ముందు హాల్లోకి వచ్చి "మేకు!" అని అరవాలి. అవతలివాళ్ళు తమ గోడకు ఎవరూ ఆనుకుని లేరని చూసుకుని "కొట్టుకో!" అనాలి. వెనకటికెవరో చెప్పకుండా కొట్టిన మేకుకు ఇవతల ఒకావిడ కొప్పు గోడకు చిక్కుకుని మధ్యాహ్నం దాకా కదల్లేక కూర్చుందట. ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇది.

ఈ మేడ కట్టించినవాడు ఒక ఇంగ్లీషు దొర. కాలవల పని చూడ్డానికి వచ్చాడంటారు. వాళ్ళ దేశంలో, పల్లెటూళ్ళో, వాళ్ళ నాన్నకు ఒక పెద్ద ఇల్లుండేదట. ముందు నాలుగు లావుపాటి స్తంభాలు, వాటి నెత్తిన త్రికోణం, నడుమ గుమ్మటం కింద గుండ్రటి హాలు, అటొక రెక్క, ఇటొక రెక్క. ఆ ఇంటిని వాళ్ళ తాతలు పాత రోము గుళ్ళు చూసి కాపీ కొడితే, ఈయన తాతల ఇంటిని చూసి కాపీ కొట్టాడు. సున్నం జగ్గయ్యపేట రాయి కాల్చి తీసింది. అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ, కోడిగుడ్డు సొన కలిపి నూరించాడు. వేసవిలో పిట్టలు రాలిపోయే ఈ ప్రాంతంలో గదికొక చలిమంట గూడు కూడా కట్టించాడు మహానుభావుడు. తన గదిలోని గూట్లో నాగశ్రీ ఇప్పుడు ఖాళీ గ్యాస్ బండ పెట్టుకుంటోంది.

కుడిఎడమలు సమానంగా లేకపోతే ఆ దొరకు అన్నం సయించేది కాదు. పడమటి చివరి గదిలో కిటికీ రావలసిన చోట మెట్లు అడ్డొచ్చాయి. అయినా తూర్పున ఉన్న కిటికీకి జోడు ఉండాలి కదా అని అక్కడ ఒక దొంగ కిటికీ పెట్టించాడు. చట్రం ఉంది, తలుపులున్నాయి, గొళ్ళెం ఉంది. తెరిస్తే గోడ.

తాపీ పని చేసింది ఇద్దరు అన్నదమ్ములు. తూర్పు రెక్క అన్న, పడమటి రెక్క తమ్ముడు. దొర కాగితంలో ఉన్నవి అడుగులు. వీళ్ళు కొలిచింది మూరలతో. అన్న చెయ్యి పొడుగు, తమ్ముడి చెయ్యి పొట్టి. అంతా అయ్యాక దొర టేపు పెట్టి చూస్తే రెండు రెక్కలకూ పొంతన లేదు. స్తంభానికి తల ఆనించి ఏడ్చాడట. తెల్లారగానే పడగొట్టెయ్యమన్నాడట. ఆ మాట ఇల్లు విన్నట్టుంది. తెల్లారేసరికి తూర్పు గోడ మీద అన్న వదిలేసిన చేతి ముద్ర పడమటి గోడ మీదా ఉంది. అక్కడ పడిన ప్రతి మరకా ఇక్కడా ఉంది. కొలతలు మారలేదు గానీ, ఆనాటి నుంచి ఇల్లు తన జోడు తానే చూసుకుంటోంది. దొర పడగొట్టే పని మానుకున్నాడు. పోతూ పోతూ తూర్పు సగం తన పొలాలు చూసిన రైతుకీ, పడమటి సగం తన బండి తోలినవాడికీ ఇచ్చిపోయాడు. ఆ రైతు ఇంటి కోడలే నాగశ్రీ అత్తగారు రాఘవమ్మ. ఆ బండివాడి ఇంటి కోడలే రమీజా.

ఇదంతా మేకులతో ఆగి ఉంటే జోడు మేడలో ఎవరూ భయపడాల్సిన పని లేకపోయేది.

తూర్పున రాఘవమ్మకు సతీష్‌బాబు పుట్టిన పూటే పడమట రమీజాకు వాసిం పుట్టాడు. అది బాగానే ఉంది. రాఘవమ్మ కాపురానికొచ్చిన ఏడు ఆమె మామగారు నిద్రలో పోయారు. అదే పొద్దున పడమటింటి పెద్దాయన, నిక్షేపంలాంటి మనిషి, జగ్గయ్యపేట బజార్లో మిరపకాయల బేరం చేస్తూ చేస్తూ కూలిపోయాడు. ఇల్లు మనిషి ఎక్కడున్నాడని చూడదు. ఏ పక్క మనిషి అని చూస్తుంది. ఇటు ఒక ప్రాణం పోతే అటు ఒకటి తీసుకుంటుంది.

దానికి విరుగుడు ఒక్కటే, హాల్లోని నడిమి గీత. జానెడు వెడల్పు నల్లరాయి, గుమ్మం నుంచి వెనక గోడ దాకా. దొరే వెతికి వెతికి కనుక్కుని వేయించాడంటారు. రెండు రెక్కల మూరలు వేరు కాబట్టి అది టేపుకు దొరికే మధ్య కాదు. గుమ్మటం నుంచి తాడు వేలాడదీసినా దాని మీద పడదు. ఆ గీత మీద ఉన్నది తూర్పుదీ కాదు, పడమరదీ కాదు. దానికి ఇల్లు జోడు వెతకదు. అందుకే ఆఖరి ఘడియ దగ్గరపడిన మనిషిని ఆస్పత్రిలో ఉన్నా ఇంటికి తెచ్చి, మంచంతో సహా గీత మీదకు చేరుస్తారు. రమీజా భర్త చాంద్ బాషా అలాగే పోయాడు. ఆయన తల దగ్గర రాఘవమ్మ కూర్చుంది. తూర్పున ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు.

ఇక నాగశ్రీ మొగుడు సతీష్‌బాబు చేసిన ఘనకార్యం. అతనికి నందిగామలో పురుగుమందుల కొట్టు ఉంది. ఊళ్ళో ప్రతి ఇంట్లో తళతళలాడే టైల్స్ ఉంటే తమ హాల్లో పాత నాపరాళ్ళేమిటని కిందటేడు వేసవిలో అతనికి బుద్ధి పుట్టింది. పద్ధతి ప్రకారం పడమటి వాళ్ళను అడిగాడు. నేల మెరుస్తుందంటే, గీత రాయి కూడా లేస్తుందని తట్టక, రమీజా కూడా సరేనంది. రాఘవమ్మ అప్పుడు ఆవకాయ పెట్టడానికి గరికపాడులో చెల్లెలింటికి వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేసరికి హాలంతా తెల్లటి టైల్స్. నల్లరాయి ముక్కలు బావి దగ్గర బట్టలుతికే బండలై కూర్చున్నాయి.

రాఘవమ్మ గుమ్మంలోనే సంచీ వదిలేసి నేల వంక చూసింది.

"ఒరే, నా చావెక్కడ పెట్టావురా?" అంది.

"అదేంటమ్మా, రాయి పోయిందిగానీ గీత ఎక్కడికి పోద్ది? ఇదిగో, ఈ రెండు టైల్స్ మధ్య అతుకే గీత అనుకో."

"నేననుకుంటే సరిపోద్దా? ఇల్లు అనుకోవద్దూ?"

తాపీ మేస్త్రీ ఒక గోడ దగ్గర మొదలెట్టి రెండో గోడ దగ్గర ముక్కలు కోసి సరిపెట్టాడని నాగశ్రీ చూసింది. ఆ అతుకు గీత కాదని ఆమెకు తెలుసు. అందరికీ తెలుసు. దసరా వెళ్ళాక చూద్దాంలే అనుకున్నారు.

దానికి తోడు ఇంకో భయం కూడా ఇంట్లో తిరుగుతోంది. వాసిం భార్య జహనారాకు, నాగశ్రీకి రెండుసార్లు ఒకేసారి నెల తప్పింది. రెండుసార్లూ ఒకే వారంలో ఇద్దరికీ పోయింది. మూడోసారి జహనారాకు నిలిచింది. నాగశ్రీకి మాత్రం అసలు నెలే తప్పలేదు. ఇలా మునుపెన్నడూ జరగలేదు. నెలలు గడిచేకొద్దీ అందరూ నాగశ్రీ పొట్ట వంక చూడ్డం, చూసి తల తిప్పుకోవడం. పడమటి చివరి గదిలో జహనారా దొంగ కిటికీకి ఎదురుగా పడుకుని దాన్నే చూస్తూ ఉండేది.

"జోడు లేకుండా బిడ్డనెట్టా ఇస్తది అత్తమ్మా ఈ ఇల్లు? అన్నీ ఉండి, తెరిస్తే గోడే ఉంటే?" అని ఒక రోజు అడిగింది.

"నోరు ముయ్యి" అంది రమీజా. ఆ తర్వాత పక్క గదిలోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమెకూ అదే భయం.

వానలు ముదిరాక రాఘవమ్మకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నందిగామ ఆస్పత్రిలో ఉంచారు. ఇంక చేసేదేం లేదన్నాక ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని, "గీత దగ్గరికి తీసుకుపో. రమీజా ఇంటి మీదకి నన్ను తోలొద్దు" అంది. తీసుకొచ్చారు. ఆ మర్నాడే మున్నేరు పొంగింది. కట్టలేరు వాగూ, వైరా ఏరూ కూడా కలిశాయి. తెల్లారి చూస్తే దిబ్బ చుట్టూ ఎర్రనీళ్ళు. రోడ్డు లేదు, పొలాల్లేవు. నీళ్ళు మేడ మెట్ల దాకా వచ్చి ఆగాయి.

ఆ పొద్దునే జహనారాకు నొప్పులొచ్చాయి. ఇంకా రెండు వారాల గడువుందని డాక్టరమ్మ చెప్పిన మనిషికి!

అంబులెన్సు రాలేదు, పడవా దొరకలేదు. నందిగామ నర్సు ఒకామె ఫోన్లో చెబుతుంటే రమీజా ఆమె చెప్పినట్టు నీళ్ళు కాస్తోంది, గుడ్డలు పరుస్తోంది. వాసిం తోలే లారీ గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయింది. హైవే మీద నీళ్ళు. అతను సతీష్‌బాబుకి ఫోన్ చేశాడు. ఒకే పూట పుట్టినవాళ్ళు కాబట్టి ఒకరికొకరు మర్యాదలుండవు.

"సతీషూ, పెద్దమ్మకెట్టా ఉందిరా?"

"ఆయాసం పెరిగిందిరా."

"గీత మీదకి చేర్చావా?"

"చేరుస్తున్నా."

"గీతెక్కడుందో తెలుసా నీకు?"

సతీష్‌బాబు టైల్స్ వంక చూశాడు. ఫోన్లో లారీ అద్దాల మీద వాన చప్పుడు వినిపించింది.

"ఒరే, అక్కడ నా పెళ్ళాం పురిటి నొప్పుల్లో ఉందిరా" అన్నాడు వాసిం. తిట్టలేదు. తిట్టి ఉంటే సతీష్‌బాబుకి కాస్త నయంగా ఉండేది.

అతను ఫోన్ పెట్టేసి హాల్లో నిలబడ్డాడు. ఏ టైలు చూసినా ఒకేలా ఉంది. అరంగుళం ఇటు జరిగినా అమ్మ తూర్పు మనిషే. అమ్మ తూర్పు మనిషిగా పోతే పడమట ఒకరు పోవాలి. అక్కడున్నది రమీజా, జహనారా, ఇంకా బయటికి రాని బిడ్డ. వాసిం లారీలో కూర్చుని ఉన్నా అతనూ పడమటి మనిషే. సతీష్‌బాబు టైల్స్ మీద కూలబడి పిల్లాడిలా ఏడ్చాడు.

తూర్పు చివరి గదిలో నవారు మంచం మీద రాఘవమ్మ గాలి కోసం కొట్టుకుంటోంది. నాగశ్రీ ఆమె వీపు నిమురుతోంది. ప్రతి ఊపిరీ ఎక్కడో ఇరుక్కుని, గీరుకుంటూ బయటికొస్తోంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య నాగశ్రీ నిమిరే చెయ్యి ఆగిపోతోంది. అత్తయ్య పోతుందన్న బాధ కంటే ఇప్పుడే పోతుందేమోనన్న భయమే ఎక్కువగా ఉంది. ఆ భయం చూసుకుని ఆమెకు సిగ్గేసింది.

"ముగ్గు" అంది రాఘవమ్మ.

"ఏంటత్తయ్యా?"

"ముగ్గు... వెయ్యవే. హాల్లో."

నాగశ్రీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ముగ్గు గిన్నె కోసం పరిగెత్తింది.

హాల్లో తూర్పు వైపు వంగి ఒక చుక్క పెట్టింది. తెల్ల టైలు మీద తెల్ల ముగ్గు ఆనలేదు. వెళ్ళి పసుపు కలుపుకొచ్చి మళ్ళీ పెట్టింది. పడమటి వైపు దూరంగా ఇంకో పసుపు చుక్క పడింది. ఆమె కాస్త ముందుకు జరిగి ఇంకోటి పెట్టింది. అవతలి చుక్క కూడా దగ్గరికొచ్చింది. జరిగింది, పెట్టింది. అవతల నుంచి అదీ జరిగింది. పడమటి గదిలోంచి జహనారా అరుపు వినిపించినప్పుడల్లా ఆమె చెయ్యి అదిరి పసుపు చిందుతోంది. చిందిన దానికల్లా అవతల జోడు పడుతోంది. ఏది చుక్కో ఏది చిందో తెలియక కొంగుతో తుడిచి మళ్ళీ మొదలెట్టింది.

"తొందరగా నాగా" అన్నాడు సతీష్‌బాబు.

"నువ్వు మాట్లాడకు!" అని కసిరింది. పెళ్ళయ్యాక అతన్ని అలా అనడం అదే మొదటిసారి.

రెండు చుక్కలూ బెత్తెడు దూరంలోకి వచ్చాయి. తర్వాత వేలెడు. తర్వాత ఒకదాన్నొకటి తాకాయి. నాగశ్రీ గోరంత జరిపి పెట్టింది. చూసింది. అటు లేదు, ఇటు లేదు. ఒక్కటే చుక్క. అది సతీష్‌బాబు చెప్పిన అతుక్కి మూరెడు అవతల ఉంది.

"దొరికింది" అంది. మళ్ళీ అంది, "దొరికింది, పట్టుకురా!"

ఇద్దరూ మంచాన్ని చెరో వైపు ఎత్తారు. రాఘవమ్మ కళ్ళు సగం మూతపడ్డాయి. పెదాలు నల్లబడ్డాయి. గది దాటారు, నడవా దాటారు, హాల్లోకి వచ్చారు. పసుపు చుక్క ఇంకాస్త దూరంలో ఉంది. అప్పుడు పడమటి నుంచి రమీజా అరిచింది. అది కబురు చెప్పే అరుపు కాదు.

"బయటపడింది! ఆడపిల్ల! ఏడవట్లేదు! అక్కా, ఏడవట్లేదక్కా! యా అల్లా, నీలంగా ఉంది పిల్ల!"

ఫోన్లో నర్సు వీపు రుద్దమంటోంది, నోట్లో ఏముందో తియ్యమంటోంది. జహనారా మాత్రం "నే చెప్పలా, నే చెప్పలా" అంటోంది.

రాఘవమ్మ చెయ్యి లేచి నడవా గుమ్మాన్ని పట్టుకుంది. మంచం ఆగిపోయింది.

"దించరా."

"ఇంకాస్తే అమ్మా. వదులు."

"గీత మీద పెడితే... నేనెవరికీ జోడు కాను. ఆ పిల్లకీ కాను."

సతీష్‌బాబుకి అర్థం కాలేదు. నాగశ్రీకి అర్థమైంది.

"అత్తయ్యా, వద్దు. ఇక్కడే మీరు పోతే..."

"పోతే ఆ పిల్లను తీసుకుపోతా. ఎటూ పోయేట్టుంది కదే." రాఘవమ్మ ఊపిరి కోసం ఆగింది. "పోకపోతే?"

మంచం దించారు, గీతకు ఇవతల, తూర్పు నేల మీద. సతీష్‌బాబు ఒక కోడు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. లాగెయ్యాలా వద్దా అని చేతులు కొట్టుకుంటున్నాయి. లాగితే అమ్మ చావు ఖాయం. లాగకపోతే రెండు చావులో, ఒక్కటీ లేదో! అంత భయం అతనెన్నడూ పడలేదు, ఆ తర్వాతా పడలేదు.

రాఘవమ్మ పక్కకు ఒత్తిగిలింది. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంది. పిడికిళ్ళు బిగించి గడ్డం కింద పెట్టుకుంది. డెబ్బై దాటిన మనిషి అంత చిన్నగా ముడుచుకోగలదని నాగశ్రీకి తెలీదు. ఒక ఊపిరి బయటికొచ్చింది. తర్వాతది రాలేదు. ఇద్దరూ చూస్తున్నారు. రాలేదు. పడమటి గదిలోనూ చప్పుడు లేదు. గుమ్మటం అద్దాల మీద వాన తప్ప మేడలో ఏదీ కదల్లేదు.

అప్పుడు రాఘవమ్మ ముఖం ఎర్రబడింది. పళ్ళు లేని నోరు తెరుచుకుంది. కేర్‌మని ఏడ్చింది. అది ముసలిదాని ఏడుపు కాదు. నొప్పికి ఏడ్చే ఏడుపూ కాదు. గాలి మొదటిసారి లోపలికి పోయినప్పుడు ఏడ్చే ఏడుపు. పడమటి గదిలో కూడా అదే ఏడుపు, అదే గొంతు. ఏది ముందో నాగశ్రీ ఇప్పటికీ చెప్పలేకపోతోంది.

"ఏడ్చింది! ఏడ్చింది నా తల్లి!" అని రమీజా అరుస్తూ ఉంటే సతీష్‌బాబు మంచం కోడు మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. రాఘవమ్మ కాసేపటికి కళ్ళు తెరిచింది. ఆయాసం లేదు. ఆకలేస్తోంది, కాసిని పాలు పట్టుకురమ్మంది.

నీళ్ళు తీశాక వాసిం వచ్చి కూతుర్ని చూసుకున్నాడు. ఆ తర్వాత తూర్పు వైపుకి వెళ్ళి రాఘవమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. పిల్లకు జోడెవరని మేడలో ఎవరూ అడగలేదు. నాగశ్రీ పొట్ట వంక చూడ్డం కూడా అందరూ మానేశారు. నందిగామ డాక్టరు ఎక్సరే రెండుసార్లు చూసి, ఇంతకు ముందుది ఎవరిదో అయ్యుంటుందన్నాడు.

ఇప్పుడు రాఘవమ్మ తూర్పు గదిలో పడుకోవడం లేదు. ఆమె నవారు మంచం హాల్లో గీత మీద ఉంటుంది. పగలంతా వంటింట్లో, బావి దగ్గర తిరుగుతుంది. కూర్చోవాలంటే మాత్రం, నడుం వాల్చాలంటే మాత్రం అక్కడికే వస్తుంది. ఎవరూ చెప్పలేదు, ఆమే వేయించుకుంది. నాగశ్రీ పొద్దున్నే వాకిట్లో ముగ్గయ్యాక లోపలికొచ్చి మంచం కింద ఒక్క పసుపు చుక్క పెడుతుంది. దానికి ఎక్కడా జోడు పడలేదని అటూ ఇటూ చూసుకుని అప్పుడు లేస్తుంది.

పాప పాకుతోంది. గుండ్రటి హాలంతా తనదే అనుకుంటోంది. పడమటి నుంచి మంచం దగ్గరికి వచ్చి రాఘవమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడుతుంది. పాపకు జలుబు చేస్తే రాఘవమ్మ తాను కూడా మిరియాల కషాయం తాగుతుంది. రాఘవమ్మ దగ్గితే రమీజా చేతిలో పని వదిలేసి పాపను ఎత్తుకుంటుంది. సతీష్‌బాబు ఏ వేళప్పుడైనా లేచి వెళ్ళి, అమ్మ మంచం గీత మీద ఉందో లేదో వంగి చూసి వస్తాడు.